గవ్వలకు అమ్మెవరో తెలియదు

మొన్న ఏప్రిల్‌లో పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశం అయ్యాక అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. ముందు వైపు పన్నెండు ప్రశ్నలు. పిల్లవాడు అన్నం వద్దంటే మీరేం చేస్తారు, చెప్పిన టైముకి ఇంటికి రాకపోతే ఏమంటారు, ఇలాంటివి. టిక్కులు పెట్టి మార్కులు కూడుకుంటే మనం ఏ రకం తల్లో, ఏ రకం తండ్రో తేలుతుంది. వెనక వైపు ఒక్కో రకానికీ వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చేసుకోవాల్సిన పనుల పట్టిక. నాకు 'కఠినం' వచ్చింది. మా ఆయనకి 'గారాబం' వచ్చింది. ఇంటికొచ్చేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నారు. "దీనికి కాగితం ఎందుకు, మన వాచ్‌మన్‌ని అడిగినా చెప్పేవాడు" అని.

నా రకానికి రాసిచ్చిన పనులివి: జిగ్సా పజిళ్ళు, చదరంగం, గోడకి టైమ్‌టేబుల్ చార్టు, రోజుకో పేజీ చేతిరాత. ఆయన రకానికి: రంగులు, బంకమట్టి, వానలో తడవడం, ఇంకా "పిల్లలు ఏది చెబితే అది" రోజు. రెంటికీ మధ్యనుండే బంగారు తల్లిదండ్రులకి మొక్కల పెంపకం, వంట, కలిసి ప్రయాణానికి ఏర్పాట్లు. నాలుగో రకం, అంటే 'పట్టించుకోని' వాళ్ళకి పనులేమీ లేవు, కౌన్సిలర్ని కలవమని ఒక్క వాక్యం.

అప్పుడు నాకు తప్పేమీ కనిపించలేదు. ఎవరి స్వభావానికి తగ్గ పని వాళ్ళకిస్తే హాయిగా చేసుకుంటారు, అందులో పిల్లలూ కలుస్తారు, బాగానే ఉంది కదా అనుకున్నాను. సెలవులు అయ్యేసరికి మాత్రం ఆ పట్టిక మొత్తం తలకిందులుగా ఉందనిపించింది. కారం ఎక్కువ తిని కడుపులో మంటతో డాక్టరు దగ్గరికి వెళ్తే, మీకు కారం ఇష్టం కాబట్టి గుంటూరు మిరపకాయలు వాడండి అని రాసిచ్చినట్టుంది.

పజిల్ సంగతి

సెలవుల మొదటి ఆదివారం ఐదొందల ముక్కల చార్మినార్ పజిల్ కొనుక్కొచ్చాను. హాల్లో దుప్పటి పరిచి నలుగురం కూర్చున్నాం. మావాడికి పదమూడేళ్ళు, పాపకి ఎనిమిది. వాడు ఆకాశం ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. "ముందు అంచులు పెట్టుకోవాలి నాన్నా" అన్నాను. పాప పావురాలున్న ముక్కలన్నీ పక్కన దాచుకుంటోంది. "అలా దాచేస్తే ఎలా, అందరికీ కనపడేలా పెట్టు" అన్నాను. పావుగంటకి పాప లేచిపోయింది. ఇంకాసేపటికి వాడు నీళ్ళు తాగొస్తానని వెళ్ళాడు. ఫ్రిజ్ మా ఇంట్లో హాలుకి ఆరడుగుల దూరం. వాడు తిరిగి రాలేదు. మా ఆయన దుప్పటి మీదే నిద్రపోయారు.

రాత్రి పదకొండున్నరకి చార్మినార్ నేనొక్కదాన్నే పూర్తిచేశాను. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. ఆ తృప్తి గురించే నాకు తర్వాత అనుమానం వచ్చింది. నాకు చేతనైన పని, నాకు నచ్చిన పద్ధతిలో, ఎవరూ అడ్డురాకుండా చేసుకున్నాను. దాన్ని కుటుంబంతో గడపడం అని ఎలా అంటారు?

మా ఆయన వంతు తర్వాతి ఆదివారం. పిల్లలు ఏది చెబితే అది. పొద్దున్నే పిజ్జా, తర్వాత టీవీ, తర్వాత బాల్కనీ గోడకి రంగులు. మధ్యాహ్నం మూడింటికి పాప ఏడుపు. ఎందుకంటే ఏం చెయ్యాలో తోచట్లేదట. ఏదడిగినా సరే అనేవాళ్ళని ఎంతసేపని అడుగుతుంది పాపం. సాయంత్రం బాల్కనీ గోడ ఎవరు కడిగారో చెప్పక్కర్లేదు. ఆయన గారాబానికి ఆధారం నా చీపురు. న్యాయంగా చెప్పుకోవాలంటే నా కఠినానికి ఆధారం ఆయన ఒడి. నేను కేకలేసిన ప్రతిసారీ పిల్లలు పరిగెత్తుకెళ్ళే చోటు ఒకటుంది గనక నేను ధైర్యంగా కేకలేస్తున్నాను.

ఈ రకాలు ఎక్కడివి

పేరెంటింగ్ గురించి వచ్చే ప్రతి పోస్టులోనూ తిరిగే ఈ విభజన డయానా బౌమ్‌రిండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, 1960ల్లో, నర్సరీ వయసు చిన్నపిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ గమనించి మూడు రకాలు చెప్పింది. మాట వినడమే ముఖ్యం అనేవాళ్ళు అథారిటేరియన్. పిల్లలు కోరినట్టు వదిలేసేవాళ్ళు పర్మిసివ్. నియమం పెడతారు కానీ ఎందుకో చెబుతారు, బేరానికి చోటిస్తారు, వీళ్ళు అథారిటేటివ్. మొదటి పేరుకీ చివరి పేరుకీ తోకలోనే తేడా. మాకిచ్చిన కాగితంలో ఒకచోట ఆ రెండూ తారుమారయ్యాయి కూడా. 1983లో మాకోబీ, మార్టిన్ అనే ఇద్దరు దీన్నే రెండు కొలతల మీదికి మార్చారు. పిల్లల నుంచి ఎంత ఆశిస్తున్నారు, పిల్లల మాట ఎంత వింటున్నారు. రెండూ తక్కువగా ఉన్నవాళ్ళు నాలుగో రకం అయ్యారు.

పరిశోధన తప్పని అనేంత చదువు నాకు లేదు. కానీ అక్కడి మధ్యతరగతి తెల్లవాళ్ళ ఇళ్ళు ఎక్కువగా చూసి కట్టిన గదుల్లో మనం అచ్చంగా ఇమడతామా అన్నది వేరే ప్రశ్న. 1994లో రూత్ చావ్ అనే ఆవిడ ఇదే అడిగింది. అమెరికాలోని చైనా తల్లులు ఈ లెక్కలో కఠినంగా తేలతారు, కానీ వాళ్ళ దృష్టిలో అది పెత్తనం కాదు, దగ్గరుండి తీర్చిదిద్దడం, దాన్ని ఈ పేరు పట్టుకోలేదు అని. అది చదివినప్పుడు కొంచెం ఊరట కలిగింది. వెంటనే అనుమానమూ కలిగింది. ప్రతి కఠినమైన తల్లీ తన కేకలకి 'తీర్చిదిద్దడం' అనే పేరు పెట్టుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది, నాతో సహా.

మన దగ్గర రకాలు మనుషుల్ని బట్టి కాదు, వయసుని బట్టి. లాలయేత్ పంచవర్షాణి, దశవర్షాణి తాడయేత్, పదహారు వచ్చాక కొడుకుని స్నేహితుడిలా చూడు. ఐదేళ్ళు గారాబం, పదేళ్ళు కఠినం, తర్వాత స్నేహం. ఒకే తండ్రి మూడు రకాలూ అవ్వాలన్నమాట. అందులో ఆ తాడనం, అంటే కొట్టడం, నాకు మింగుడుపడదు, కూతురి ఊసే లేకపోవడమూ మింగుడుపడదు. అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మనిషి మీద ముద్ర వేసి వదిలెయ్యలేదు, మారమంది.

మారడం మాట అటుంచండి, నేను ఒకే రోజులో రెండు రకాలు. మావాడికి పోలీసుని, పాపకి అమ్మమ్మని. వాడు పాలగ్లాసు ఒలికిస్తే ప్రసంగం, అది ఒలికిస్తే గుడ్డ. ఆ పన్నెండు ప్రశ్నలకి ఏ బిడ్డని తలచుకుని టిక్కులు పెట్టాలో ఆ కాగితం చెప్పలేదు. నేను వాణ్ణి తలచుకుని పెట్టాను. ఎందుకు అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

కరెంటు పోయిన మధ్యాహ్నం

మే నెలలో తెనాలి దగ్గర మా అత్తయ్యగారి ఊరెళ్ళాం. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫోన్లు కూడా చచ్చిపోయాక అత్తయ్య అలమరలోంచి నాలుగు గవ్వలు తీసి, నాపరాళ్ళ మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్ళు గీశారు. ఐదు అడ్డం, ఐదు నిలువు. కాయలకి చింతపిక్కలు, గాజుముక్కలు, చొక్కా గుండీలు, పప్పుబద్దలు.

ఆట మొదలవ్వడానికే అరగంట పట్టింది. అష్టా (ఎనిమిది) గానీ చెమ్మా (నాలుగు) గానీ పడితేనే కాయి దిగాలని అత్తయ్య. మా పుట్టింట్లో ఏది పడినా దిగొచ్చని నేను. "ఎవరింట్లో ఆడుతున్నావమ్మాయ్?" అన్నారావిడ. గవ్వ గోడకి తగిలి తిరగబడితే? ఒకదాని మీదొకటి ఎక్కితే? పంచాయితీ పిల్లల ముందు పెట్టాం. వాళ్ళు రెండు వైపులా విని, ఒక్కో నియమం తేల్చి, మావాడు పాత క్యాలెండరు వెనక రాశాడు. బౌమ్‌రిండ్ మెచ్చుకున్న అథారిటేటివ్ పద్ధతి అంటే ఇదే కదా అని నాకు రాత్రి పడుకున్నాక తట్టింది. నియమం ఉంది, ఎందుకో అందరికీ తెలుసు, అందరూ ఒప్పుకున్నాకే ఆట.

ఎవరినో ఒకరిని చంపితే తప్ప లోపలి గళ్ళలోకి వెళ్ళడానికి లేదు. నేను ఎవర్నీ చంపలేక నా చింతపిక్కని బయటి వరసలోనే ప్రదక్షిణం చేయిస్తున్నాను. పాప గవ్వలు వేసింది. మూడు వెల్లకిలా పడ్డాయి. మూడో గడిలో నేనున్నాను. "చంపేశా!" అని ఎగిరింది.

నా నోటివెంట అప్రయత్నంగా వచ్చేసింది. "గవ్వ గోడకి తగిలింది, మళ్ళీ వెయ్యి."

"గోడకి తగిలినా లెక్కే అని అన్నయ్య రాశాడు కదమ్మా" అంది పాప. మావాడు క్యాలెండరు నా ముఖం ముందు పెట్టాడు. మూడో నియమం. అత్తయ్య పప్పుబద్ద సర్దుకుంటూ "ఇంటికి పో అమ్మాయ్" అన్నారు. నా కాయి మళ్ళీ మొదటికెళ్ళింది. మావాడు పడీపడీ నవ్వాడు. వాడు అలా నవ్వి నా చెవిన పడి ఎన్నాళ్ళయిందో.

గవ్వలకి అమ్మెవరో తెలియదు. ఇంట్లో ప్రతి మాటకీ చివరి తీర్పు నాదే. అక్కడ నా తీర్పు చెల్లలేదు, చెల్లకపోయినా కొంప మునగలేదు. పిల్లలకీ తెలిసింది, నాకూ తెలిసింది. చదరంగంలో కూడా ఓడిపోవచ్చు కదా అంటారేమో. అందులో నేను ఇంకో పదేళ్ళు మావాణ్ణి ఓడిస్తాను, ఓడించి ఎక్కడ తప్పు చేశాడో వివరిస్తాను. గవ్వలాటలో వివరించడానికి ఏముంది?

అంతకన్నా తమాషా మా ఆయన సంగతి. ఆయన గాజుముక్కకి పాప గుండీ సరిగ్గా దొరికింది. పిల్ల బాధపడుతుందని ఇంకో కాయి జరిపారు. మావాడు పట్టేశాడు. "నాన్నా, కావాలనే వదిలేశావు. ఇలాగైతే ఇక ఆటెందుకు?" పాపకి ఇంకా పౌరుషం వచ్చింది. "నన్ను చంపు నాన్నా" అని చెయ్యి పట్టుకుని గాజుముక్క వెనక్కి పెట్టించింది. ఆయన బిక్కమొహం వేసుకుని కూతుర్ని చంపారు. గారాబం పిల్లలకి అవమానంగా తగిలే చోటు ఒకటుంటుందని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఎనిమిదిన్నర వడియాలు

అదే వారంలో అత్తయ్య గుమ్మడి వడియాలు పెట్టారు. ముందురోజు బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, మూటకట్టి, పైన రుబ్బురోలు పొత్రం బరువు పెట్టారు. తెల్లవారుజామున లేచి మినప్పిండి రుబ్బారు. పిల్లల్ని ఆరింటికి డాబా మీదికి పంపమన్నారు. ఆ బాధ్యత మా ఆయన తీసుకున్నారు. "సెలవులే కదా, పడుకోనీ" అని వదిలేశారు. నేను లేపబోతే వద్దన్నారు. సరే, ఈసారి నేను కలగజేసుకోను అనుకున్నాను. అత్తయ్య కూడా, మనవలు వచ్చాకే పెడతానని పిండి గిన్నె పక్కనపెట్టుకుని కూర్చున్నారు. పిల్లలు ఎనిమిదిన్నరకి కళ్ళు నులుముకుంటూ వచ్చారు. అప్పటికి డాబా కాలుతోంది. పిండి పులిసి పొంగింది. పంచె మీద పెట్టిన వడియం పెట్టినట్టే జారి అట్టులా పరుచుకుంది.

ఆవిడ ఒక్క మాట అనలేదు. అవే ఎండబెట్టి, డబ్బాలో పోసి మాకిచ్చారు. హైదరాబాదులో వాటిని వేయించినప్పుడల్లా పులుపు. "ఎనిమిదిన్నర వడియాలు" అని పాప పేరు పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో ఆలస్యమై చెడిన ప్రతిదీ ఎనిమిదిన్నర వడియమే. నేను ఏడేళ్ళుగా అరిచి చెప్పలేనిది ఒక గిన్నెడు పిండి చెప్పింది, అదీ పిల్లలకే కాదు, వాళ్ళ నాన్నకి కూడా. ఎండకి గారాబం తెలియదు.

ఇదే పోయినేడు మా పక్క ఫ్లాటులోనూ చూశాను. వాళ్ళది హనుమకొండ. ఆయన బ్యాంకు ఆఫీసరు, ఇంట్లో మాట నేలన పడనివ్వరు. సద్దుల బతుకమ్మ రోజు తంగేడు, గునుగు తెచ్చి తాంబాళంలో తానే పేర్చడానికి కూర్చున్నారు. నాలుగు వరసలకే ఒరిగింది. ఆరేళ్ళ కూతురు పక్కన నిలబడి "డాడీ, నడుమల ఆకులు నింపాలె, ఉత్త చుట్టు పేరుస్తె పడిపోతది, నానమ్మ చెప్పింది" అంది. ఆయన ఒక నిమిషం ఆ పిల్ల వంక చూసి, అంతా విప్పి, ఆకులు నింపారు. ఆ ఇంట్లో పిల్ల చెప్పగా తండ్రి చెయ్యడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కాబట్టి నేననేది ఇది. మన పద్ధతికి సరిపోయే పని పెట్టుకుంటే ఆ పద్ధతే ఇంకా ముదురుతుంది. నియమం అమ్మ నోట్లోనో నాన్న మొహమాటంలోనో కాకుండా ఆ పనిలోనే, ఆ ఆటలోనే ఉండేవి వెతుక్కోవాలి. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల గురించే అంటాం. ఇంట్లో మానులు ఎవరో చూసుకోం.

ఇందులో నాకున్న గుంజాటన

ఇదంతా పిల్లల కౌన్సిలర్‌గా పనిచేసే నా స్నేహితురాలికి చెబితే తను ఒప్పుకోలేదు. "నీకు చేతకాని పని ఇస్తే నువ్వు చేస్తావేమో గానీ, చాలామంది అసలు మొదలే పెట్టరు. స్ట్రిక్ట్‌గా ఉండే తండ్రి కొడుకు పక్కన పజిల్ ముందు కూర్చున్నా నాకు చాలు, ముందు కూర్చోనీ" అంది. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కొడుకుతో ఏళ్ళ తరబడి మాటల్లేని తండ్రికి గవ్వలాటలో ఓడిపొమ్మని సలహా ఇవ్వడం తేలికే. తండ్రి అడుగుల చప్పుడుకే బిగుసుకుపోయే పిల్లలున్న ఇంట్లో ఆట కూడా పరీక్షే అవుతుంది.

రెండోది నా మనసులోదే. వడియాలు, అప్పడాలు, ఆవకాయ అని మురిసిపోతున్నాను గానీ, మా చిన్నప్పుడు డాబా మీద ఆరింటికి ఉన్నది నేనూ మా అక్కా. మా అన్నయ్యని ఎవరూ లేపలేదు. దాన్ని కుటుంబంతో గడపడం అని అప్పుడెవరూ అనలేదు, ఆడపిల్ల పని నేర్చుకోవడం అన్నారు. మొన్న కూడా ముందురోజు రాత్రి గుమ్మడికాయ తరిగిందీ, తెల్లారి రుబ్బిందీ డెబ్బై ఏళ్ళావిడ. మాకు పాఠం, ఆవిడకి నడుంనొప్పి. ఈ లెక్క నేను ఎంత సర్దినా సరిపోవట్లేదు.

ఇక ఆ నాలుగో రకం. మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా అక్కడే. వాళ్ళబ్బాయి బడి నుంచి వచ్చి బండి పక్కన స్టూలు మీద హోంవర్కు చేసుకుంటాడు, ఏ ఫ్లాటువి ఎన్ని బట్టలో నోటుబుక్కులో రాస్తాడు. నేనొకసారి ఏడు ఇచ్చి ఎనిమిదన్నాను. "ఆంటీ, ఏడే. అమ్మ కూడా లెక్కపెట్టింది" అన్నాడు. ఆ కాగితంలోని ప్రశ్నలకి ఈ తల్లి టిక్కులు పెడితే ఏం వస్తుందో నాకు తెలుసు. హోంవర్కు పక్కన కూర్చుని చేయిస్తారా? లేదు. వారానికోసారి బయటికి తీసుకెళ్తారా? లేదు. పట్టించుకోని తల్లి. నేను మా పిల్లలతో మెలకువగా ఒకేచోట గడిపే సమయం కన్నా ఆమె కొడుకుతో గడిపేదే ఎక్కువ. పేదరికాన్ని ముద్దుగా చూపించే ఉద్దేశం నాకు లేదు. ఆ అబ్బాయికీ ఆడుకోవాలనే ఉంటుంది, ఎండలో స్టూలు మీద కూర్చోవాలని ఎవరికుంటుంది. టైము లేకపోవడానికీ పట్టింపు లేకపోవడానికీ తేడా తెలియని ప్రశ్నలు అవి, అంతే.

తొమ్మిదో తరగతి

మన రెండు రాష్ట్రాల్లో ఈ రకాల గొడవంతా ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిది నుంచి ఐఐటీ ఫౌండేషన్, తర్వాత ఇంటర్, జేఈఈ, నీట్, ఎంసెట్ పేరు మార్చుకుని వచ్చిన ఎప్‌సెట్. అక్కడికొచ్చేసరికి గారాబం, కఠినం, మధ్యరకం, అన్నీ ఒకే రకం అయిపోతాయి. బౌమ్‌రిండ్ ఇక్కడ పుట్టుంటే తొమ్మిదిలోకి వచ్చిన పిల్లల తల్లిదండ్రులకి ఒక్క గదే కట్టేదేమో.

మావాడు జూన్‌లో తొమ్మిదిలోకి వచ్చాడు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా కోచింగు. దాన్లో చేర్పించింది ఎవరనుకుంటున్నారు? నేను వద్దన్నాను, ఇంకో ఏడాది ఆగుదామన్నాను. ఫారం నింపి, ఫీజు కట్టి, బ్యాగు కొనుక్కొచ్చింది ఆయన. సెలవులే కదా పడుకోనీ అన్న మనిషి. "అందరూ చేరుస్తున్నారు, వీడొక్కడూ వెనకబడితే రేపు నన్నే అడుగుతాడు" అన్నారు. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించింది గారాబమూ కాదు, కఠినమూ కాదు, భయం. ఆ పన్నెండు ప్రశ్నల్లో మీకు దేనికి భయం అని ఒక్కటీ లేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం హాల్లో టైల్స్ మీద పాప సుద్దముక్కతో గళ్ళు గీసింది. గవ్వలు నానమ్మ ఇచ్చి పంపినవే. నలుగురం కూర్చున్నాం. మావాడి కాయలు రెండు పండాయి, మూడోది లోపలి వరసలో ఉంది. ఐదింటికి పావుగంట తక్కువుండగా వాడు లేచాడు, ఆదివారం టెస్టు. నేను గళ్ళు చెరపబోతే పాప చెయ్యి పట్టుకుంది. వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి, కాయలు కదలకుండా మొత్తం మీద బోర్లించింది.

వాడు తొమ్మిదికి వచ్చాడు. అన్నం తిన్నాడు, పళ్ళెం వంక చూశాడు, "రేపాడదాం" అన్నాడు, పడుకున్నాడు. పొద్దున హాలు ఊడ్చేటప్పుడు పళ్ళెం చుట్టూ ఊడ్చాను. ఇవాళ గురువారం. ఇంకా చుట్టూనే ఊడుస్తున్నాను.